‘రేడియో పని అయిపోయింది’ అన్న సందేశానికి నా జవాబు

గత పదిహేను రోజుల్లో ఒకే సందేశం నాకు ఏడుసార్లు వచ్చింది. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో రెండుసార్లు, డిగ్రీ స్నేహితుల గ్రూపులో మూడుసార్లు, మా అపార్టుమెంటు గ్రూపులో ఒకసారి, చివరికి నిన్న రాత్రి మా మేనత్త కొడుకు నుంచి విడిగా ఒకసారి. మొదటి రెండుసార్లు చదివి ఊరుకున్నాను. ఏడోసారి మాత్రం ‘బావా, భలే రాశారు కదా’ అన్న మాట తోడై వచ్చింది. ఊరుకోవడానికి ఇక మనసొప్పలేదు.

ఆ సందేశం చూడనివారి కోసం అందులో ఉన్నది క్లుప్తంగా చెబుతాను. పాడ్‌కాస్ట్ అంటే ఇంటర్నెట్‌లోకి మారిన రేడియోనేనట. దాన్ని ఆపిల్ సంస్థ కనిపెట్టిందట. నార్వే దేశం 2017లోనే రేడియోను మూసేసిందట. పాడ్‌కాస్ట్ ఉచితమట, రేడియో మాత్రం జనం పన్నుల మీద బతుకుతోందట. రేడియోలో సర్కారు మాట, పాడ్‌కాస్ట్‌లో నిజం వినిపిస్తాయట. తుపాను హెచ్చరికలు ఫోనుకే వస్తున్నాయి కాబట్టి ఆ పనికీ రేడియో అక్కర్లేదట. అందువల్ల ఆకాశవాణి టవర్లు పీకేసి, భూములు అమ్మేసి, వచ్చిన డబ్బుతో ఊరూరా వైఫై పెట్టాలట.

నేను పాడ్‌కాస్టులకు విరోధిని కాను. రోజూ ఉదయం నడకలో ఒకటి వింటాను, నచ్చినవి పదిమందికీ పంపుతాను. కాబట్టి ఇది కొత్తదాన్ని చూసి పాతవాడు పడే బాధ అనుకోవద్దు.

ఆపిల్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేయవచ్చు. పాడ్‌కాస్టింగ్ అన్న మాటను 2004 ఫిబ్రవరిలో బెన్ హామర్‌స్లీ అనే విలేకరి గార్డియన్ పత్రికలో వాడాడు. ధ్వని ఫైలును ఒక ఫీడుకు, అంటే కొత్తవి వచ్చినప్పుడల్లా తెలియజేసే జాబితాకు, తగిలించి, చందాదారుల కంప్యూటర్లకు దానంతటదే చేరేలా చేసే పద్ధతి అంతకు ముందే డేవ్ వైనర్, ఆడమ్ కరీ వంటివారి చేతుల్లో రూపుదిద్దుకుంది. ఆపిల్ తన ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్టులకు చోటిచ్చింది 2005 జూన్‌లో. అంగడి పెట్టినవాడు సరుకు పండించినవాడు కాడు.

నార్వే విషయంలో ఈ సందేశం చెప్పినది సగం నిజం, అందుకే దాన్ని నమ్మేవారు ఎక్కువ. నార్వే 2017లో తన జాతీయ ఎఫ్ఎం ప్రసారాలను ఆపిన మాట వాస్తవం. జనవరిలో ఉత్తరాన నూర్లాండ్ ప్రాంతంలో మొదలుపెట్టి డిసెంబరుకల్లా దేశమంతా పూర్తి చేశారు. అయితే వాటి స్థానంలో వచ్చినది పాడ్‌కాస్ట్ కాదు, ఇంటర్నెట్ కాదు. డీఏబీ అనే డిజిటల్ రేడియో. అది కూడా టవరు నుంచి గాలిలోకి వదిలే ప్రసారమే, వినేవాడి దగ్గర ఉండేది రేడియో సెట్టే. స్థానిక స్టేషన్లలో చాలావాటిని ఎఫ్ఎంలోనే కొనసాగనిచ్చారు. పాత బస్సుల స్థానంలో కొత్త బస్సులు కొన్న ఊరిని చూపించి ఆ ఊళ్లో బస్సులు ఎత్తేశారని చెప్పడం ఎంత సబబో ఇదీ అంతే. ఇంకో దేశం సంగతి కూడా చెప్పుకోవాలి. బీబీసీ 2020 జనవరి నెలాఖరుకు మనకు షార్ట్‌వేవ్‌లో, అంటే దేశాలు దాటి వినిపించే రేడియో తరంగాల్లో, వచ్చే హిందీ ప్రసారాన్ని ఆపేసింది, ఇక అందరూ ఇంటర్నెట్‌లోనే వింటారని అనుకున్నారు. రెండేళ్లు తిరిగేసరికి యుక్రెయిన్ మీద యుద్ధం మొదలైంది. అదే బీబీసీ 2022 మార్చిలో ఆ ప్రాంతానికి రోజుకు నాలుగు గంటల వార్తలను కొత్తగా షార్ట్‌వేవ్‌లో వినిపించడం మొదలుపెట్టింది. నెట్‌వర్కును తెంపవచ్చు, వెబ్‌సైటును అడ్డుకోవచ్చు. ఎక్కడో దూరాన ఉన్న టవరు నుంచి ఆకాశం మీదుగా వచ్చే అలను పూర్తిగా ఆపడం అంత తేలిక కాదు.

ఇక అసలు వాదనకు వద్దాం. ‘పాడ్‌కాస్ట్ అంటే ఇంటర్నెట్‌లోకి మారిన రేడియోనే’ అన్న మాట మిగిలిన తప్పులన్నిటికీ తల్లివేరు. రెండిటి మధ్య చుట్టరికం ఉంది, దాన్ని నేను కాదనను. పాడ్‌కాస్టుకు ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చిన సీరియల్ అనే కార్యక్రమం 2014లో వచ్చింది. దాన్ని తయారుచేసినవారు షికాగోలోని ప్రజా రేడియోలో ఏళ్ల తరబడి పనిచేసినవారు. గొంతు ఎక్కడ తగ్గించాలి, వినేవాడు ఎక్కడ విసుగుపడతాడు, మౌనాన్ని ఎంతసేపు ఉంచవచ్చు అన్నవి వారు రేడియో స్టూడియోలోనే నేర్చుకున్నారు. అయినా చుట్టరికం వేరు, రెండూ ఒకటే అనడం వేరు. పాడ్‌కాస్ట్ ఒక ఫైలు. దాని పేరు తెలిసినవాడు, చదవగలిగినవాడు, వెతకగలిగినవాడు తన దగ్గరికి తెచ్చుకుని, తనకు తీరిక దొరికినప్పుడు ఒంటరిగా వింటాడు. రేడియో అలా కాదు. అడగని వారికి కూడా వినిపిస్తుంది, ఒకే క్షణంలో ఊరందరికీ వినిపిస్తుంది.

ఈ తేడా పుస్తకాల్లో పుట్టినది కాదు. మన జహీరాబాద్ ప్రాంతంలో చదువురాని ఆడవాళ్లు దాన్ని పాతికేళ్ల కిందటే తేల్చి చెప్పారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత మహిళలకు 1990ల చివరలో యునెస్కో సాయంతో మాచనూరులో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియో ఏర్పడింది. విత్తనాలు దాచే పద్ధతులు, జొన్న, కొర్ర, సామ పంటల కష్టసుఖాలు, మందు మొక్కలు, పెళ్లి పాటలు, పొలం పాటలు, అన్నీ వాళ్ల మాటలోనే రికార్డు చేశారు. ప్రసారానికి లైసెన్సు లేదు. స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతి ఇవ్వవచ్చని కేంద్రం ఒప్పుకున్నదే 2006లో. అందుకని ఆ పదేళ్లూ వాళ్లు చేసినదేమిటి? క్యాసెట్లలో నింపి, ఊరూరా తీసుకువెళ్లి, సంఘం సమావేశాల్లో వినిపించారు. ఆలోచించండి, ఇది అచ్చంగా పాడ్‌కాస్టే. ముందే రికార్డు చేసిన ఎపిసోడ్, ఫైలుకు బదులు క్యాసెట్టు, కోరుకున్నవారు కోరుకున్నప్పుడు వినడం, కావాలంటే వెనక్కి తిప్పి మళ్లీ వినడం. సందేశం రాసినవారి లెక్క ప్రకారం అంతటితో వాళ్లకు రేడియో దక్కినట్టే.

కాని వాళ్లు తృప్తిపడలేదు. పదేళ్లు లైసెన్సు కోసమే అడిగారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద గాలిలోకి వచ్చింది. క్యాసెట్టు సంఘానికి వచ్చిన ఆడవాళ్లకే వినిపించేది. పొయ్యి దగ్గర ఉన్న కోడలు, గొడ్లను తోలుకొచ్చే మనిషి, సంఘం గడప తొక్కని ఆసామి, కులం పేరుతో ఆ గుంపులో కూర్చోని ఇంటివాళ్లు, వీళ్లెవరికీ ఆ మాట చేరేది కాదు. గాలిలోకి వదిలిన గొంతుకు గడపల పట్టింపు లేదు. ఒక దళిత స్త్రీ గొంతు ఊరి పెద్దల ఇళ్లలో కూడా వినిపించాలంటే ట్రాన్స్‌మిటర్ ఉండాలి. ఈ సంగతి వాళ్లకు ఎవరూ బోధించలేదు, తమ అనుభవంలో తామే తెలుసుకున్నారు.

‘ఎప్పుడు కావాలంటే అప్పుడు వినవచ్చు, శ్రోతే రాజు’ అని కూడా సందేశంలో ఒక వాక్యం ఉంది. నిజమే, అది గొప్ప సౌకర్యం. నేనూ అనుభవిస్తున్నాను.

‘పాడ్‌కాస్ట్ ఉచితం’ అన్నవారు ఒక చిన్న లెక్క వేసి చూడాలి. గంట నిడివిగల ఎపిసోడ్ 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్ల) నాణ్యతలో ఇంచుమించు 57 ఎంబీ ఉంటుంది. దాన్ని లక్షమంది వింటే 57 లక్షల ఎంబీ ఎక్కడో ఒక సర్వరు నుంచి కదలాలి. దాని ఖర్చు ఎవరో ఒకరు భరించాలి, వినేవాడు తన డేటా ప్యాకులోంచి తన వాటా భరించాలి. వినేవారు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. రేడియోకు ఆ బాధ లేదు. ట్రాన్స్‌మిటర్‌కు అయ్యే కరెంటు ఖర్చు పదిమంది విన్నా పది లక్షలమంది విన్నా ఒక్కటే. పదకొండో శ్రోత వల్ల స్టేషనుకు పైసా కూడా అదనంగా ఖర్చు కాదు. ఒకప్పుడు రేడియో ఉన్న ప్రతి ఇల్లూ పోస్టాఫీసులో ఏటా లైసెన్సు రుసుము కట్టేది, అది కూడా 1980లలో రద్దయింది. ఇంకొక మాట, రేడియో విన్నది ఎవరో స్టేషనుకు తెలియదు. మీరు ఏ ఎపిసోడ్ ఎన్ని నిమిషాలు విని ఎక్కడ ఆపారో మీ యాప్‌కు తెలుసు. ఆ సమాచారం అమ్ముడయ్యే సరుకు. దాన్ని ఉచితం అని పిలవడం నాకు చేతకాదు.

‘రేడియోలో సర్కారు మాట, పాడ్‌కాస్ట్‌లో నిజం’ అన్న అంశంలో మొదటి సగాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఎమర్జెన్సీ కాలంలో ఆకాశవాణి ప్రభుత్వ గొంతుగా మారిన సంగతిని దాచిపెట్టలేము. 1977లో ఏర్పడిన వర్గీస్ కమిటీ ఆకాశవాణి, దూరదర్శన్‌లకు స్వతంత్ర సంస్థ కావాలని మరుసటి ఏడాదే సిఫారసు చేస్తే, ప్రసార భారతి ఏర్పడటానికి 1997 దాకా పట్టింది. అది ఏర్పడిన తర్వాతైనా పూర్తి స్వేచ్ఛ దక్కిందని నేను అనను. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది, అయినా ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లు సొంతంగా వార్తలు తయారుచేసి చదవడానికి వీల్లేదన్న నిబంధన ఆ తర్వాత వచ్చిన విధానాల్లోనూ కొనసాగింది. ఆకాశవాణి వార్తలను యథాతథంగా అందించడం వరకే వారికి అనుమతి. ఇరవై నాలుగు గంటలూ వార్తల చానళ్లు నడిచే దేశంలో రేడియోకు మాత్రమే ఈ కట్టడి ఎందుకో నాకు ఎన్నడూ అర్థం కాలేదు. ఈ లోటును పాడ్‌కాస్టులే కొంత పూడ్చాయి. మన రాజకీయాల గురించి, భూముల గురించి, కులం గురించి తెలుగులో గంటసేపు తీరికగా మాట్లాడుకునే చోటు దొరికింది వాటి వల్లే.

రెండో సగాన్ని మాత్రం ఒప్పుకోను. అడ్డు చెప్పేవాడు లేనంత మాత్రాన చెప్పేదంతా నిజమైపోదు. ఆకాశవాణిలో ఒక వైద్యుడు పది నిమిషాలు మాట్లాడాలంటే ముందుగా ప్రసంగపాఠం ఇవ్వాలి, దాన్ని ఒకరు చదవాలి, స్టూడియోలో రికార్డు చేయాలి, ప్రసార సమయంలో డ్యూటీ ఆఫీసరు విని పుస్తకంలో నమోదు చేయాలి. ఇది నత్తనడక అని విసుక్కున్నవారిలో నేనూ ఒకణ్ని. కాని నిరుడు మా ఇంట్లో ఏమైందో చెబుతాను. మధుమేహం ఉన్న మా పెద్దమ్మ ఎవరో పంపిన రెండు గంటల పాడ్‌కాస్ట్ విని, పదహారు రోజులు మాత్రలు మానేసింది. ఆ మాట్లాడినాయన వైద్యుడు కాడు. ఆయన చెప్పినదాన్ని అడ్డుకుని ‘అయ్యా, దీనికి ఆధారమేమిటి’ అని అడిగేవారు ఆ గదిలో లేరు. ఎదురుగా కూర్చున్న కుర్రవాడు రెండు గంటలూ తల ఊపుతూ ‘వావ్ సార్’ అంటూనే ఉన్నాడు. పెద్దమ్మను ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది.

ఇప్పుడు నన్ను ఈ వ్యాసానికి కూర్చోబెట్టిన అంశం. ‘తుపాను హెచ్చరికలు ఫోనుకే వస్తున్నాయి, ఇక రేడియో ఎందుకు’ అని రాసినవారు ఒక్క తుపానునైనా తీరం ఒడ్డున ఉండి చూసి ఉండరు. మిగతా అంశాలన్నీ అజ్ఞానం అనుకుని వదిలేయవచ్చు, ఇది మాత్రం ప్రాణాలు తీసే మాట.

ఫోను హెచ్చరికలు పనికిరావని నేను అనడం లేదు. సెల్ బ్రాడ్‌కాస్ట్ అనే పద్ధతిలో ఒక ప్రాంతంలోని ఫోన్లన్నీ ఒక్కసారిగా గట్టిగా మోగేలా చేయవచ్చు. 2023లో దేశమంతటా పరీక్షగా పంపినప్పుడు మన ఫోన్లు అదిరిపడ్డ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. సముద్రంలోకి వెళ్లే పడవలకు ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లు, అంటే ఉపగ్రహం ద్వారా సందేశాలు అందించే పరికరాలు, అమర్చే పథకం కూడా నడుస్తోంది. ఇవన్నీ మంచివే, అన్నీ కావాలి. అయితే ఇవి తుపాను రాకముందు పనిచేసేవి. తుపాను వచ్చిన తర్వాత ఏమవుతుందో నేను కళ్లారా చూశాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటిన రోజు నేను ఆ ఊళ్లోనే ఉన్నాను. మధ్యాహ్నానికి కరెంటు లేదు. సాయంత్రానికి ఫోన్లలో సిగ్నల్ లేదు. సెల్ టవరు గాలికి ఒరిగిపోకుండా నిలబడినా, దాని బ్యాటరీలు కొన్ని గంటలే పనిచేస్తాయి. ఆ తర్వాత జనరేటరు నడవాలి, జనరేటరుకు డీజిలు కావాలి, డీజిలు తెచ్చే లారీకి దారి కావాలి, దారి నిండా కూలిన చెట్లు. మర్నాడు ఉదయం నా ఫోనులో పదకొండు శాతం చార్జి, ముందే దించుకున్న మూడు పాడ్‌కాస్ట్ ఎపిసోడ్లు మిగిలాయి. ఆ మూడిటిలో ఒక్కటి కూడా పాలు ఏ వీధిలో దొరుకుతున్నాయో, నీళ్ల ట్యాంకరు ఎప్పుడు వస్తుందో, గాలి మళ్లీ లేస్తుందో లేదో చెప్పలేదు. ఎలా చెబుతుంది? అవి నెల కిందట రికార్డు చేసినవి. పక్క వాటాలోని రిటైరైన పెద్దాయన అటక మీది నుంచి ట్రాన్సిస్టర్ దించి, రెండు బ్యాటరీలు వేసి, మెట్ల మీద పెట్టాడు. ఎక్కడో దూరపు కేంద్రం నుంచి, గరగర మధ్య సన్నగా, ప్రాంతీయ వార్తలు వచ్చాయి. మెట్ల మీద పద్నాలుగుమందిమి ఊపిరి బిగబట్టి విన్నాము. ఆయన ఏరియల్‌ను చేత్తో పట్టుకునే కూర్చున్నారు, వదిలితే గొంతు మాయమవుతుందని.

ఎక్కడో దూరాన ఉన్న కేంద్రం ఎలా వినిపించిందని అడిగేవారికి సమాధానం ఉంది. ఎఫ్ఎం ప్రసారం ఇంచుమించు కనుచూపు మేర వెళుతుంది. మీడియం వేవ్ అలా కాదు, నేలను అంటిపెట్టుకుని సాగుతుంది, ఉప్పునీటి మీద ఇంకా దూరం పోతుంది, రాత్రివేళ ఆకాశం పైపొరల్లో తగిలి వందల కిలోమీటర్లు దాటి దిగుతుంది. తుపాను పడిన ఊరి స్టేషను మూగబోయినా తుపాను పడని ఊరి స్టేషను మాట్లాడగలదు. వేటకు వెళ్లినవారి ఫోనుకు తీరం దాటి కొన్ని మైళ్లు పోగానే సిగ్నల్ ఉండదు. ‘మత్స్యకారులు చేపల వేటకు వెళ్లరాదు, వెళ్లినవారు వెంటనే తీరానికి తిరిగి రావాలి’ అన్న ఆ వాక్యం, ఫలానా రేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారన్న ఆ మాట, పడవ అడుగున గుడ్డలో చుట్టి దాచుకున్న ట్రాన్సిస్టర్ ద్వారా ఎన్ని తరాల వారికి చేరిందో తీరప్రాంతాల వారిని అడిగితే చెబుతారు.

రేడియో ఒక్కటే అందరినీ కాపాడుతుందని కూడా నేను చెప్పడం లేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేలమందికి పైగా చనిపోయారు. అప్పటికే ఆకాశవాణి విజయవాడ కేంద్రం వచ్చి ఇంచుమించు ఇరవై తొమ్మిదేళ్లయింది. వినడానికి సెట్టు ఉన్న ఇల్లు ఉండాలి, విన్నాక పరుగెత్తి చేరడానికి గట్టి కట్టడం ఉండాలి, పంపించడానికి అధికారి కదలాలి. అవన్నీ లేకపోతే హెచ్చరిక గాలిలోనే మిగిలిపోతుంది. కాని ఆ గొలుసులో మొదటి లంకెనే తెంపి అమ్ముకుందామని చెప్పేవారిని ఏమనాలి? ఆ టవరు స్థలానికి గజం ఇంత అని లెక్కకట్టినవారు, ఆ ఒక్క రాత్రి ధర కూడా లెక్కకట్టి చూపించాలి. కరెంటు లేని ఊళ్లో మీరు పెట్టిన వైఫై ఏ దీపం వెలిగిస్తుందో కూడా చెప్పాలి.

అంత కోపంగా రాశాను కాబట్టి రేడియో పక్షాన నాకున్న సిగ్గును కూడా చెప్పడం న్యాయం. ఈ సందేశంలో లేని ఒక నేరం రేడియో చేసింది. తన గొంతులను తానే చెరిపేసుకుంది. టేపులకు కొరత ఉన్న రోజుల్లో ఒక ప్రసంగం ప్రసారమయ్యాక ఆ స్పూలు మీదే ఇంకొకటి రికార్డు చేసేవారు. పెద్ద పెద్ద కవులు, హరికథకులు, జానపద గాయకులు స్టూడియోకు వచ్చి పలికిన ఎన్నో గంటలు అలా పోయాయి. మిగిలిన వాటిలో కొన్ని ఈ రోజు మనకు వినిపిస్తున్నాయంటే ఇంట్లో సెట్టు పక్కన టేప్‌రికార్డర్ పెట్టి రికార్డు చేసుకున్న శ్రోతల వల్ల, వాటిని ఓపికగా డిజిటల్‌లోకి మార్చి నెట్‌లో పెడుతున్నవారి వల్ల. వాళ్లలో ఎక్కువమంది రేడియో ఉద్యోగులు కారు. ఆ పాత నాటికలను డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న తెలుగువాడు కారులో వింటున్నాడంటే అది ఫైలు గొప్పతనమే, ట్రాన్స్‌మిటర్ గొప్పతనం కాదు. నిలువ చేయడంలో పాడ్‌కాస్టుది పైచేయి అని చెప్పడానికి నాకు సంకోచం లేదు. తీరాంధ్ర శిష్టభాష ఒక్కటే అలవాటైన మైకులోకి ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ మాటతీరులు ఏ సంస్కరణా లేకుండా ఇంత ధారాళంగా వచ్చింది కూడా పాడ్‌కాస్టుల్లోనే.

మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ రావడం ప్రసార భారతి చేస్తున్న పనే. పాతబడినవాటిని మార్చడం తప్పు కాదు. తీరప్రాంతంలో ఒకదాన్ని ఆపేముందు దాని పరిధిలోని ప్రతి రేవుకూ, కరెంటు లేకపోయినా వినిపించే ఇంకొక దారి ఉందో లేదో చూపించాలని మాత్రం మనం అడగాలి.

ఫోన్లలో ఎఫ్ఎం రేడియోను తీసేయవద్దని, ఉన్నదాన్ని పనిచేయకుండా కట్టేయవద్దని 2023 ఏప్రిల్‌లో కేంద్ర ఐటీ శాఖ తయారీదారులకు సూచించింది. విపత్తుల వేళ అవసరమవుతుందన్నదే అది చూపిన కారణాల్లో ముఖ్యమైనది. ఇది సూచనే, తప్పనిసరి ఆజ్ఞ కాదు. ఇంటర్నెట్ లేకుండా ఎఫ్ఎం పట్టే ఫోను అయితే తీగ ఉన్న ఇయర్‌ఫోను పెడితేనే సాధారణంగా పనిచేస్తుంది, ఆ తీగే యాంటెన్నా. బ్లూటూత్‌వి ఆ పనికి రావు. ఈసారి ఫోను కొనేటప్పుడు ఎఫ్ఎం ఉందా అని దుకాణంలో అడగమని మా మేనత్త కొడుక్కి రాత్రే రాశాను. వాడి అత్తవారి ఊరు నిజాంపట్నం.